నాలుగో స్థానం

పదహారు జట్లలో నాలుగింటికే సొంత కోర్టు దక్కుతుంది. మిగిలిన పన్నెండూ పెట్టెలు సర్దుకుని పరాయి ఊరికి ప్రయాణం కట్టాలి. తమకు అలవాటులేని చెక్క నేలమీద, అలవాటులేని వెలుతురులో, తాము ఓడిపోవాలని గొంతు చించుకునే జనం మధ్య ఆడాలి. కళాశాలల మహిళా బాస్కెట్‌బాల్ సీజను చివర జరిగే పెద్ద టోర్నమెంటులో మొదటి రెండు ఆటలకూ ఇదే పద్ధతి. అందుకే మొదటి నాలుగు స్థానాలు ఎవరికివ్వాలన్నది ఆ ప్రాంతంలో ఎన్నికలకంటే పెద్ద గొడవ. అది తేల్చడానికి బాస్కెట్‌బాల్ సంఘం కమిటీగా వేసిన అయిదుగురు ఒక గదిలో తలుపు వేసుకుని కూర్చుంటారు. ఆ అయిదుగురిలో నేనొకతెను.

నన్నెందుకు వేసుకున్నారో చెప్పాలి. నేను పగళ్లు కళాశాలలో తర్కశాస్త్రం బోధించి, సాయంత్రాలు మైదానాల్లో రిఫరీగా ఈల ఊదినదాన్ని. రెండూ ఒకే పని అని నా నమ్మకం. కళ్లతో చూసినదాన్ని, అది ఎవరికి కష్టమైనా, చూసినట్టు చెప్పడం. ఆటగత్తెలు నాకు పెట్టిన పేరు నిబంధనమ్మ. వెక్కిరింతకే పెట్టారు. నేను మాత్రం దాన్ని బిరుదుగానే తీసుకున్నాను.

మా ఇంట్లో అప్పుడు ఉన్నది ఇద్దరం, నేనూ మా ఆడపడుచూ. నా భర్త పోయాక ఆమె ఇల్లు విడిచి వెళతాననలేదు, నేను వెళ్లమననూ లేదు. ఆమె కొండ మీది కాలేజీ జట్టుకు కోచ్. మేమిద్దరం ఒకరికొకరం రక్తబంధువులం కాము. మా మధ్య బంధుత్వం కలిపిన మనిషి గోడమీద ఫోటోలో ఉన్నాడు. అయినా ఒక పొయ్యి, ఒక దినపత్రిక, ఒక తాళంచెవి మా ఇద్దరికీ సరిపోయేవి.

పెరటి గోడకు ఒక ఇనుపరింగు ఉండేది. చెల్లెలు స్కూల్లో చదివే రోజుల్లో నా భర్త తానే బోల్టులు బిగించి పెట్టినది. రోజూ పొద్దున్నే టీ తాగక ముందు ఆమె అక్కడ కాసేపు బంతి వేసేది. బంతి గోడకు కొట్టుకున్న చప్పుడు వేరు, వలలోంచి జారిన చప్పుడు వేరు. ఆ రోజు ఆమె మనసెలా ఉందో పక్కమీద నుంచి లేవకుండానే నాకు తెలిసిపోయేది. ఇక పెరట్లో తీగమీద ఎప్పుడూ జట్టు బనియన్లే. లాండ్రీవాళ్లకిస్తే రంగు దిగిపోతుందని ఆమె ఇంటికి తెచ్చి ఉతికేది. నంబర్ల వరస తప్పకుండా ఆరేసేది. నా చీరలకు చోటేదని అడిగితే, వాటికీ నంబర్లు వేయించుకో వదినా, చూద్దాం అనేది.

ఆ సీజను ఆమెకు ఆఖరిది. వేసవి రాగానే పదవీ విరమణ. అన్నేళ్ల కొలువులో ఆమె జట్టు టోర్నమెంటుకు చాలాసార్లు వెళ్లింది, సొంత కోర్టులో మాత్రం ఒక్కసారీ ఆడలేదు. ముందు వాళ్ల హాలు కప్పు కారేది. ఆ తరువాత కప్పు బాగుపడి నేల పాడైంది. ఆ ఏడాదే కొత్త చెక్క పరిచారు. ఆ పిల్లల తల్లిదండ్రులు చాలామంది కొండమీద రోజు పని మానితే గడవనివాళ్లు. కూతుళ్లు అంత బాగా ఆడతారని విన్నారే గాని కళ్లారా చూసినవాళ్లు తక్కువ. ఈసారి మీవాళ్లు ముందు వరసలో కూర్చుని చూస్తారు, ఆ పూచీ నాది అని సీజను మొదట్లోనే ఆమె పిల్లలకు మాటిచ్చేసింది. ఆ మాటివ్వడం తెలివితక్కువ అని నేనన్నాను. నిజమే వదినా, కానీ ఇచ్చేశానుగా అంది.

మొదటి మూడు స్థానాల గురించి ఆ ఏడాది ఎవరికీ పేచీ లేదు. ఏటి ఒడ్డు కాలేజీ, గనుల కాలేజీ, మెడికల్ కాలేజీ. టీ కొట్టు దగ్గర అడిగినా ఈ వరసే చెప్పేవారు. రగడంతా నాలుగో స్థానం మీద. అక్కడ ఇద్దరే హక్కుదారులు, రేవు కాలేజీ, కొండ కాలేజీ.

రేవు కాలేజీ గెలిచిన ఆటలు ఎక్కువ, గెలిచిన పాయింట్ల తేడాలు ఇంకా ఎక్కువ. పత్రికలవాళ్లు ఆ తేడాలు చూసి మురిసిపోయారు. ఎవరిమీద గెలిచారని అడిగినవాడు లేడు. పట్టికలో అట్టడుగున పడి ఉన్న జట్లను తమ ఊరికి పిలిపించుకుని, ఆట ఎప్పుడో తేలిపోయాక కూడా ముఖ్యమైన ఆటగత్తెలను బెంచీకి పిలవకుండా, పాయింట్లు కుప్ప పోసుకున్నారు. పెద్దజట్లు ఎదురైనప్పుడు మాత్రం చతికిలబడ్డారు. కొండ కాలేజీ గనులవాళ్లను గనుల ఊళ్లోనే ఓడించింది. మెడికల్ వాళ్లను చివరి బుట్టదాకా ఏడిపించి ఓడింది. ఓడిన ఆ ఆట రేవువాళ్ల పది గెలుపులకంటే బరువైనదని ఆట తెలిసిన ఎవరైనా ఒప్పుకుంటారు. కాని రేవు ఊరి హాలు పెద్దది, టీవీ కెమెరాలకు అక్కడ వసతిగా ఉంటుంది. ఈ కారణం ఎవరూ పైకి అనరు. పైకి అనని కారణాలతోనే సగం లోకం నడుస్తోంది గనుక నాకు ఆశ్చర్యమేమీ కలగలేదు, ఒళ్లు మండింది అంతే.

నన్నడిగి ఉంటే నాలుగో స్థానం కొండ కాలేజీదే అనేదాన్ని. కాని నన్నడగడానికి ఎవరికీ వీలులేదు. బంధువుల జట్టు గాని, తన సొంత కాలేజీ జట్టు గాని ప్రస్తావనకు వచ్చినప్పుడు ఆ సభ్యుడు లేచి గది బయటికి పోవాలి. ఆ నిబంధన రాసింది నేనే. దానికి రెండో భాగం కూడా ఉంది. బయటికి పోయే ముందు, తన జట్టులో ఎవరికైనా దెబ్బ తగిలిందని తెలిస్తే ఆ సంగతి బల్లమీద పెట్టి మరీ పోవాలి. ఒక ఏడాది కాలు విరిగిన ఆటగత్తె పేరుమీద ఒక జట్టు మొదటి స్థానం కొట్టేసి, ఆమె లేకుండా వచ్చి ఆడి, టోర్నమెంటును నవ్వులపాలు చేసింది. ఆ తరువాత రాశాను. దెబ్బల సంగతి దగ్గరివాళ్లకే ముందు తెలుస్తుంది. ఆ దగ్గరితనం జట్టుకు లాభం కాకూడదు. వాక్యం కూడా నాదే, అక్షరం మార్చకుండా పుస్తకంలో అచ్చువేశారు.

ఇంట్లో మాకొక సొంత నియమం ఉండేది. సీడింగు వారంలో, అంటే ఈ స్థానాలు తేల్చే వారంలో, ఆట ఊసు ఎత్తకూడదు. ఇద్దరం కలిసి పెట్టుకున్నదే. ఆ వారం దినపత్రికలో ఆటల పేజీ మడత విప్పకుండా పాత కాగితాల్లోకి పోయేది. భోజనాల దగ్గర కరెంటు బిల్లు, కుళాయి, పక్కింటివాళ్ల కుక్క తప్ప మాటలుండేవి కావు. ఆ ఏడాది ఆ వారం మొదటి రోజు ఆమె ఒక ముద్ద తిని, కంచం కేసి చూసి, చాలా వినయంగా అడిగింది:

"వదినా, కూరలో ఉప్పు తక్కువైందని చెప్పొచ్చా? లేకపోతే కమిటీ మీద ఒత్తిడి తెచ్చినట్టవుతుందా?"

"రాసివ్వు, పరిశీలిస్తాం."

"పరిశీలించి ఎన్నో స్థానం ఇస్తారు ఈ కూరకి?"

"నువ్వు వండినదానికంటే పైన," అన్నాను.

ఆమె నవ్వుకుంటూ ఉప్పుడబ్బా అందుకుంది. ఆ నవ్వు అన్నాచెల్లెళ్లు పంచుకుని పుట్టిన రకం. ఫోటోలోని మనిషి కూడా అలాగే, పెదవులు కలిపి ఉంచి నవ్వేవాడు.

ఆ తరువాత ఆమె జట్టు చివరి లీగ్ ఆటకు పొరుగూరు వెళ్లింది. నేను మరోచోట పరిశీలకురాలిగా ఉన్నాను గనుక ఆ ఆట చూడలేదు. గెలిచారని మాత్రం తెలిసింది. మర్నాడు తీగమీద బనియన్లు ఆరేసి ఉన్నాయి. అయిదు పక్కన ఏడు. మధ్యలో ఆరు లేదు.

ఆరో నంబరు కెప్టెన్‌ది. బంతి చేతికందితే నిలిచిన చోటే గిరుక్కున తిరిగి ఎదుటివాళ్లను బోల్తా కొట్టిస్తుందని ఆ పిల్లను బొంగరం అనేవారు. ఆ సాయంత్రం నేను గ్రంథాలయం నుంచి వచ్చేసరికి వంటింట్లో ఆ బొంగరం కుర్చీలో కూర్చుని ఉంది. ఎదురుగా స్టూలుమీద కుడికాలు చాపి ఉంది. మా ఆడపడుచు నేలమీద మోకాళ్లపై కూర్చుని, తువ్వాలులో మూట కట్టిన ఐసుముక్కలు ఆ పిల్ల మోకాలికి అదుముతోంది.

"ఇక్కడ మనల్నెవరూ చూడరులే," అంటోంది. ఆ మాట పూర్తవుతుండగానే నేను గుమ్మంలో కనిపించాను.

ఆమె తలెత్తి ఒక క్షణం చూసింది. తరువాత మామూలుగా, ఫ్రిజ్‌లో ఇంకా ఐసుందా వదినా అని అడిగింది. ఉంది. తీసిచ్చాను. పిల్ల లేచి నమస్కారం పెట్టబోయింది. కూర్చోమన్నాను. మోకాళ్ల సంగతి నాకు తెలుసు. మైదానంలో ఎన్ని చూశానో. కొన్ని వాపులు వారంలో తీస్తాయి, కొన్ని మొత్తం సీజనును తీసుకుపోతాయి. ఇది రెండో రకం. వెళ్లేటప్పుడు ఆ పిల్ల వరండా మెట్లు పక్కకు తిరిగి, కమ్మీ పట్టుకుని, ఒక్కొక్కటే దిగింది.

ఆసుపత్రికి తీసుకుపోతే గంటలో ఊరంతా పాకుతుందని మా ఆడపడుచు ఆ పిల్లను ఇంటికి తెచ్చింది. అంతే. నాతో ఒక్క మాట అనలేదు. ఎవరికీ చెప్పవద్దని అడగలేదు. అడిగి ఉంటే కుదరదని నేను ముఖంమీదే చెప్పేదాన్ని. నన్ను అలా చెప్పే స్థితికి తేవడం ఇష్టంలేక అడగలేదని నాకు అప్పుడే అర్థమైంది. తువ్వాలు పిండి తీగమీద, ఆరో నంబరు ఉండవలసిన చోట, ఆరేసింది. భోజనం దగ్గర పక్కింటి కుక్క గురించి మాట్లాడుకున్నాం.

కమిటీ గదిలో ఒక చెక్కపలక, దానికి వరసగా ఇత్తడి కొక్కేలు ఉంటాయి. జట్ల పేర్లు రాసిన బిళ్లలు వాటికి తగిలిస్తూ పోవాలి. మూడు కొక్కేలు నిండేసరికి టీ కూడా చల్లారలేదు. అధ్యక్షుడు రిటైరైన ఇంజినీరు. ఏ సంగతినైనా వంతెనలాగా రెండువైపులా కొలుస్తానంటాడు, కాని ఎప్పుడూ ఒకేవైపు నుంచి దాటుతాడు. ఆయన రెండు బిళ్లలు చేతిలోకి తీసుకుని, రేవు, కొండ వచ్చాయి అన్నాడు. అంటే ఇద్దరం బయటికి పోవాలి. రేవు కాలేజీ పాలకవర్గంలో మా అయిదుగురిలో ఒకడైన సంఘం కోశాధికారి ఉన్నాడు.

ముందు ఆయన లేచాడు. కోటు గుండీ పెట్టుకుంటూ, మావాళ్లంతా గుర్రాల్లా ఉన్నారండీ, చెప్పడానికేమీ లేదు అని చేతులు జోడించి, తలుపు తెరిచి నాకోసం పట్టుకు నిలబడ్డాడు.

నేను కుర్చీ వెనక్కు జరిపి నిలబడ్డాను. కొండ కాలేజీ కెప్టెన్ కుడిమోకాలికి బలమైన దెబ్బ తగిలిందని, టోర్నమెంటు నాటికి ఆమె ఆడే స్థితిలో ఉండదని నా అంచనా అని, నేను కళ్లారా చూశానని చెప్పాను. ఎక్కడ చూశారని అధ్యక్షుడు అడిగాడు.

"మా వంటింట్లో," అన్నాను.

అయిదుగురిలో ఆట ఆడిన మనిషి ఒక్కడే, మేం పొడుగాయన అనేవాళ్లం. ఎప్పుడూ సగం నిద్రలో ఉండే ఆయన కళ్లు పూర్తిగా తెరిచి నాకేసి చూశాడు. లెక్కలు చూసే అమ్మాయి కంప్యూటరు మీద వేళ్లు ఆపేసింది. నేను బయటికి వచ్చాను.

వరండాలో ఒకటే బల్ల. కోశాధికారీ నేనూ రెండు చివరల కూర్చున్నాం. ఆయన జేబులోంచి పిప్పరమెంటు తీసి ఇవ్వబోయాడు, వద్దన్నాను.

"ఇంట్లో సంగతి కదా మేడమ్. మీ ఆడపడుచు వింటే ఏమనుకుంటుంది?"

"వింటుంది. దాచమని మిమ్మల్ని అడగను."

"మీవంటివాళ్లు ఉండబట్టే సంఘానికి పేరు," అన్నాడు. ఆ మాట అంటూ ఆయన నన్ను చూడలేదు, సెల్‌ఫోను చూసుకుంటున్నాడు.

తిరిగి లోపలికి పిలిచేసరికి నాలుగో కొక్కేనికి రేవు బిళ్ల వేలాడుతోంది. కొండ అయిదోది. అంటే ఆ రెండు జట్లూ ఒకే గుంపు, ఆటలు రేవు ఊళ్లో. పొడుగాయన కొండ కోసం చివరిదాకా వాదించాడని, కెప్టెన్ లేని జట్టును నాలుగో స్థానంలో ఎలా పెడతామన్న ప్రశ్న దగ్గర ఆగిపోయాడని తరువాత తెలిసింది. ఆ ప్రశ్న సరైనదే. అధ్యక్షుడు నా నిజాయితీకి కమిటీ తరఫున కృతజ్ఞతలు చెప్పాడు. ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. కోశాధికారి అనుకుంటాను.

జాబితాను సాయంత్రం టీవీలో చదివారు. కొండమీద హాలులో కొత్త చెక్క నేలమీద పిల్లలూ, వాళ్లవాళ్లూ కూర్చుని చూశారట. నేను ఇంట్లో టీవీ పెట్టలేదు. దీపాలు పెట్టే వేళకు ఆమె వచ్చింది. వరండాలో బూట్ల తాళ్లు విప్పుకుంటూ, తల వంచుకునే అడిగింది:

"వదినా, మోకాలి సంగతి నువ్వే చెప్పావా?"

"చెప్పాను."

"మంచిది. పిల్లలు బస్సు డ్రైవరు మీద అనుమానపడుతున్నారు. పాపం, అతన్ని ఏమీ అనకండని చెప్పాలి. అందుకని అడిగాను."

లోపలికి వెళ్లి ఫోను చేసి ఎవరితోనో ఆ మాట చెప్పింది. డ్రైవరు కాదని చెప్పింది, ఎవరో చెప్పలేదు. వచ్చి అన్నం తింది. ఆ రోజు కూరలో ఉప్పు సరిపోయిందో లేదో నాకు తెలియదు.

మర్నాడు పొద్దున పెరట్లో చప్పుడు లేదు. ముందు రాత్రి నిద్రపట్టలేదేమో, ఆలస్యంగా లేస్తుందనుకున్నాను. లేచి చూస్తే ఆమె తయారై, సంచి భుజానికి వేసుకుని నిలబడి ఉంది. టోర్నమెంటు అయ్యేదాకా పిల్లలతో హాస్టల్లో ఉంటానంది. అందులో అనుమానించడానికేమీ లేదు, కోచ్‌లు అలా ఉంటారు. తీగమీద మిగిలిన బనియన్లు పచ్చి ఆరకుండానే తీసుకుపోయింది.

రేవు ఊరికి నేను బస్సులో వెళ్లాను. కమిటీవాళ్లకు ముందు వరసలో మెత్తటి కుర్చీలుంటాయి. నేను టికెట్టు కొనుక్కుని పైన, ఆఖరి వరసలో, స్తంభం పక్కన కూర్చున్నాను. మొదటి ఆట కొండవాళ్లు గెలిచారు. బొంగరం బెంచీ మీద ఉంది. ఆ తరువాతి రేవువాళ్ల ఆటకు నేను ఆగలేదు, వాళ్లూ గెలిచారని విన్నాను. మరునాడు రేవువాళ్లతో ఆట.

రేవు జట్టు మైదానంలోకి వచ్చినప్పుడు హాలు కప్పు లేచిపోయేట్టు అరిచారు. ఎక్కువ అరిచింది రింగు కింద ఆడే వాళ్ల పొడవాటి సెంటరు కోసం. ఆ సీజనులో వాళ్లు పోసుకున్న పాయింట్ల కుప్పలో సగం ఆ పిల్లవే. ఆమె అందరి వెనకా వచ్చింది, ఆడే దుస్తుల్లో కాదు. ఎడమచేతికి మోచేతి దాకా పిండికట్టు. ఆ చేతినే ఎత్తి ఊపింది. జనం ఇంకా అరిచారు.

నేను కళ్లద్దాలు మార్చుకుని చూశాను. ఆ కట్టు కొత్తది కాదు. అంచులు నలిగి మాసిపోయాయి. దానిమీద స్నేహితురాళ్లు రాసిన పేర్లు అప్పటికే వెలిసిపోయాయి. నిన్న మొన్న వేసిన కట్టుమీద పేర్లు వెలవవు. కొక్కేలకు బిళ్లలు తగిలించిన రోజుకు చాలా ముందే అది ఆ చేతిమీద ఉంది. ఆ ఊళ్లో పాలుపోసేవాడికి కూడా తెలిసి ఉంటుంది. తెలియనిది ఒక్క ఆ గదికే. కోశాధికారి ముందు వరసలో కూర్చుని పిప్పరమెంట్లు పంచుతున్నాడు.

సగం ఆట అయ్యాక కిందికి దిగి అధ్యక్షుణ్ణి పక్కకు పిలిచాను. ఆ పిల్ల చెయ్యి చూపించాను. ఆయనకు అప్పటికే తెలుసని ముఖం చూడగానే అర్థమైంది. కోశాధికారికి ఆ రోజు గుర్తు రాలేదటండీ అన్నాడు. గుర్రాలన్న మాట గుర్తొచ్చిందే అన్నాను. అధ్యక్షుడు చుట్టూ చూసి, గొంతు తగ్గించి, ఎంతో దయగా చెప్పాడు:

"అందరూ మీలా ఉంటే సంఘం నడవదు మేడమ్."

నేను మెట్లెక్కి నా చోటుకు పోయాను.

ఆట గురించి ఎక్కువ చెప్పను. రెండు జట్లకూ తమ ముఖ్యమైన మనిషి లేదు. తేడా ఒకటే, ఒకరికి ఆ హాలంతా ఉంది. కొండపిల్లలు ఫౌలుకు దక్కిన ఫ్రీత్రో వేయడానికి నిలబడ్డప్పుడల్లా జనం బల్లలు గుద్దారు, కాళ్లతో నేల దద్దరిల్లించారు. ఇంటిదగ్గర వేస్తే కళ్లు మూసుకుని పడేవి కొన్ని రింగు మీద తిరిగి బయటికి దూకాయి. చివర్లో ఒక్క బుట్ట తేడా మిగిలింది. బొంగరం బెంచీ చివర ఆరో నంబరు బనియను వేసుకుని, ఆ ఇస్త్రీ మడత కూడా చెదరకుండా కూర్చుని ఉంది. రెండుసార్లు లేచి మా ఆడపడుచు చెయ్యి పట్టుకుంది. కుంటుతూ అయినా ఆడతానని అడుగుతోందని అంత ఎత్తునుంచి కూడా తెలుస్తోంది. మా ఆడపడుచు ఆ చేతిని విడిపించుకోలేదు, ఆమెను లోపలికి పంపనూ లేదు. కొండవాళ్ల ఆఖరి బంతి రింగు ముందు అంచుకు తగిలి వెనక్కు వచ్చింది. అంతే.

హాలు ఖాళీ అయ్యాక కిందికి వెళ్లాను. దుస్తులు మార్చుకునే గదుల ముందు వరండాలో ఆమె ఒక్కతే బంతులు ఏరి వలసంచిలో వేస్తోంది. ఒకటి నా కాళ్లదగ్గరికి దొర్లివస్తే తీసి అందించాను. బాగా ఆడించావన్నాను. ఆడింది పిల్లలు వదినా అంది.

"ఆ సెంటరు పిల్ల చెయ్యి చూశావా?"

"పాపం, రెండుచోట్ల విరిగింది."

"రెండుచోట్లా? నీకెలా తెలుసు?"

"వాళ్ల కోచ్ నా దగ్గర ఆడిన పిల్లేగా. విరిగిన రోజే ఏడుస్తూ ఫోను చేసింది. సెంటరు లేకుండా ఎలా ఆడించాలో చెప్పండి, ఎవరితోనూ అనకండి మేడమ్ అని."

"సీడింగుకు ముందేనా?"

"ముందే."

నేను లెక్క వేసుకున్నాను. నా వృత్తి అది. ఒక్క వాక్యం. ఉప్పు అడిగిన రోజు కంచం ముందు ఆమె ఒక్క వాక్యం అని ఉంటే, నేను దాన్నీ బల్లమీద పెట్టేదాన్ని. నాలుగో కొక్కెం కొండది అయ్యేది. ఆ పిల్లల అమ్మానాన్నలు ఈ రోజు ముందు వరసలో కూర్చునేవాళ్లు.

"నాతో ఒక్కమాట అనవలసింది," అన్నాను.

ఆమె వలసంచి మూతిని బిగించి ముడి వేసింది. ముడి సరిగ్గా పడిందో లేదో లాగి చూసుకుంది.

"ఇంట్లో ఆ ఊసు వద్దనుకున్నాం కదా వదినా."

ఎత్తిపొడుపేమో అని ఆ గొంతులో వెతికాను. లేదు. మరచిపోయిన మనిషికి గుర్తుచేసినట్టుగా అంది. సంచి భుజాన వేసుకుని, బస్సు ఎదురుచూస్తోంది, నువ్వెలా వెళతావు అని అడిగింది. బస్సులోనే అన్నాను. జాగ్రత్త, కిటికీ పక్కన కూర్చోకు, నీకు గాలి పడదు అని చెప్పి వెళ్లింది.

వేసవిలో ఆమె పదవీ విరమణ చేసింది. కాలేజీ దగ్గరే ఒక గది చూసుకుంది. చిన్నపిల్లలకు పొద్దున్నే ఆట నేర్పమంటున్నారు, ఇక్కడినుంచి అంత పొద్దున వెళ్లడం కష్టం అంది. అది కూడా నిజమే. ఆమె అబద్ధాలాడే మనిషి కాదు. బట్టలు, బూట్లు, అన్నయ్య ఫోటోల్లో ఒకటి తీసుకుంది. పెద్దది నాకే వదిలింది. రింగు విప్పించి పంపనా అని అడిగాను. పెరట్లోకి వెళ్లి గోడమీద చెయ్యివేసి చూసింది.

"వద్దులే. బోల్టులు పీకితే గోడ పెచ్చులూడుతుంది. ఉండనీ."

మేం పోట్లాడుకోలేదు. ఇప్పటికీ ఫోను చేస్తుంది, వదినా అనే పిలుస్తుంది. నాకు జ్వరం వస్తే మందులతో వచ్చి, నయమయ్యేదాకా ఉండి, నయం కాగానే వెళ్లిపోతుంది. సంఘంలో నేను లేను. కోశాధికారి ఇప్పుడు అధ్యక్షుడు. నేను రాసిన నిబంధనలో రెండో భాగం సభ్యులకు ఇబ్బందిగా ఉందని తీసేశారు. మొదటి భాగం అలాగే ఉంచారు, లేచి బయటికి పోవడం ఎవరికీ కష్టం కాదు గనుక. మీరు చేసింది తప్పని ఇప్పుడు అనిపిస్తోందా అని పొడుగాయన ఒకసారి దారిలో కనిపించి అడిగాడు. అనిపించడం లేదు. ఆ పిల్ల మోకాలు నేను చూశాను. మళ్లీ ఆ గదిలో నిలబెట్టి అడిగితే మళ్లీ అదే చెబుతాను. ఆయన తల ఊపి వెళ్లిపోయాడు.

పొద్దున మెలకువ వస్తే పెరటివైపు నుంచి ఏమీ వినిపించదు. తీగమీద నా చీరలు ఎంత వెడల్పుగా కావాలంటే అంత వెడల్పుగా ఆరవేసుకుంటున్నాను. మళ్లీ సీడింగు వారం వచ్చింది. పత్రికలో ఆటల పేజీ మడత విప్పకుండానే పాత కాగితాల్లో పెట్టాను. నిన్న కూరలో ఉప్పు వేయడం మరిచిపోయాను. రెండు ముద్దలు తిన్నాక తెలిసింది. డబ్బా బల్లకు ఆ చివర, ఆమె కూర్చునే వైపు ఉంది. లేవకుండా అలాగే తినేశాను.

ఇంట్లో ఆట ఊసు ఎవరూ ఎత్తడం లేదు. మేం పెట్టుకున్న నియమం ఇంత కచ్చితంగా ఏనాడూ అమలు కాలేదు.